చేయి తిరగడం, ఆనుపానులు: జ్ఞాన నిర్వహణకు తెలుగు మాటలు

ప్రశ్న: సంస్థల్లో జ్ఞాన నిర్వహణ (నాలెడ్జ్ మేనేజ్‌మెంట్) గురించి వ్యాసం రాస్తున్నాను. ‘టాసిట్ నాలెడ్జ్’కు ‘అవ్యక్త జ్ఞానం’ అనవచ్చునా? పెద్దలు తెలుపగలరు.

జవాబు: అనవచ్చును గాని, ఆ మాట పాఠకులను కొంత పక్కదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. అవ్యక్తం అనగానే ఇంతవరకు బయటపెట్టనిది, గుచ్చి గుచ్చి అడిగితే చెప్పగలిగేది అన్న భావం కలుగుతుంది. మనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేమన్నదే ‘టాసిట్ నాలెడ్జ్’ గురించి 1966లో తత్వవేత్త మైకేల్ పొలానీ చెప్పిన విషయం. అందుకు మన ‘చేయి తిరగడం’ ఎంతో దగ్గరగా ఉంటుంది. ఆ జ్ఞానం ఎక్కడ ఉంటుందో, ఎలా వస్తుందో కూడా ఆ మాటలోనే ఉన్నది.

జపాన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా 1991లో రాసిన ఉదాహరణ చూడండి. ఒసాకాలో మత్సుషితా సంస్థ ఇళ్లలో వాడే రొట్టెల యంత్రాన్ని రూపొందిస్తుండగా, రొట్టె పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉండేది. యంత్రం కలిపిన పిండికీ మనిషి కలిపిన పిండికీ ఎక్స్‌రే తీసి పోల్చినా కారణం తేలలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఒక హోటల్లో చేయి తిరిగిన రొట్టెల తయారీదారు దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని ప్రత్యేకమైన తీరులో సాగదీయడం గమనించారు. ఆ తరువాత ఇంజినీర్లతో కలిసి పనిచేసి, యంత్రం లోపల గట్ల వంటివి అమర్చి, ఆ కదలికను సాధించారు. ఆ తయారీదారును ఎంత ప్రశ్నించినా ఆ సంగతి ఆయన నోట వచ్చేది కాదేమో.

‘ఆనుపానులు’ వేరు. పని ఆనుపానులు ఫైళ్లలో ఉండవు గాని, తెలిసినవారు ఎదురుగా కూర్చుంటే చెప్పగలరు. పదవీ విరమణ చేసేవారి చేత నివేదిక రాయించుకుని ఊరుకునే సంస్థలు, రాయదగినది మాత్రమే దక్కించుకుని, ఆనుపానులనూ చేతి నేర్పునూ రెంటినీ పోగొట్టుకుంటున్నాయి. ఇది నిజంగా బాధాకరం. మేనేజ్‌మెంట్ రచయితలు హాన్సెన్, నోరియా, టియర్నీ 1999లో జ్ఞానాన్ని పత్రాలకెక్కించే పద్ధతిని, మనిషి నుంచి మనిషికి అందించే పద్ధతిని విడదీసి చూపి, సంస్థ ఏదో ఒకదానిని ప్రధానంగా ఎంచుకోవాలన్నారు.

చిక్కు ఒకటున్నది: ‘చేయి తిరిగిన జ్ఞానం’ అంటే తెలుగు కాదు. కనుక పారిభాషిక పదంగా ‘అభ్యాస జ్ఞానం’ అని పెట్టి, మొదటిసారి వాడినచోట ‘చేయి తిరిగితేనే వచ్చేది’ అని వివరించండి.