ఉప్పల్‌లో ఉంటూ ట్రాక్టర్ నేర్చుకోవాలి, బర్రెలకు కొట్టం వేసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎర్రచెలక:
అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్ళు. ఉప్పల్‌లో ఉంటాను, ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. యాచారం దగ్గర మా నాన్న వదిలిపోయిన రెండెకరాల చెలక ఉంది. ఆయన పోయినప్పటి నుంచి కిరాయి ట్రాక్టరుతోనే దున్నిస్తున్నాం. మృగశిరలో వాన పడిందంటే ఊళ్ళో అందరికీ ఆ బండే కావాలి. పోయినేడు మా వంతు తొమ్మిదో రోజుకు వచ్చింది. అప్పటికే పదును ఆరిపోయింది, కంది సగమే మొలిచింది. అమ్మ సాళ్ళ వెంట నడుస్తూ ఖాళీలు చూసుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

మా చిన్నాయన దగ్గర పాత ట్రాక్టర్ ఉంది. నడుం నొప్పితో ఆయన ఎక్కడం మానేశారు, నేర్చుకుంటే తీసుకుపొమ్మంటున్నారు. నాకు కారు నడపడం వచ్చు, లైసెన్స్ ఉంది. మా దగ్గర ఒక డ్రైవింగ్ స్కూల్లో అడిగితే "ఆడవాళ్ళకు ట్రాక్టర్ ఎందుకమ్మా" అని పంపించేశారు. దీనికి వేరే లైసెన్స్ కావాలా? ఆదివారాలు మాత్రమే వీలున్నవాళ్ళు ఎలా నేర్చుకోవాలి? ఇంకోటి, వానలకు బర్రెల కొట్టం కూలిపోయింది. రెండు బర్రెలకు మేమే వేసుకోగలమా?

పాతమెకానిక్:
బిడ్డా, నేను ఇబ్రహీంపట్నంలో ఇరవై ఏళ్ళకు పైగా ట్రాక్టర్లు బాగుచేశాను. లైసెన్స్ గురించి టెన్షన్ పడకు. 1988 మోటారు వాహనాల చట్టం తేలికపాటి వాహనాల్లోనే 7,500 కిలోలు దాటని ట్రాక్టర్‌ను కూడా చేర్చింది. సొంత పొలానికి నీ కారు లైసెన్స్ సరిపోతుంది.

మొదటి ఆదివారం బండి కదిలించకు. ఇంజన్ ఆపి సీట్లో కూర్చో. కుడికాలి దగ్గర బ్రేకులు రెండుంటాయి, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. పొలంలో మూల తిరిగేటప్పుడు ఒకదాన్నే తొక్కితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం ఆ రెండింటినీ కలిపే కొక్కెం తప్పకుండా వెయ్యి. వెయ్యకుండా వేగంలో తొక్కావంటే బండి ఒక పక్కకు లాగి బోల్తా కొడుతుంది. కళ్ళు మూసుకుని ఆ కొక్కెం వేసి తీసేదాకా గేరు జోలికి పోకు.

రెండోది, చున్నీ. ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్లచేసే రోటవేటర్‌ను తిప్పే కడ్డీ, అదే పీటీవో షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. నా దగ్గర పనిచేసిన కుర్రాడి లుంగీ కొస దానికి చుట్టుకుంది. నేను ఇంజన్ ఆపేలోపే లుంగీ మొత్తం లాగేసింది. పాత బట్ట కాబట్టి చిరిగింది, వాడు బతికాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. షాఫ్ట్ మీద గార్డు లేకపోతే మీ చిన్నాయనతో ముందు అది వేయించు. చున్నీ ఇంట్లో పెట్టి, జుట్టు ముడేసుకుని ఎక్కు.

బురదలో దిగబడితే వెనక చక్రాలకు మొద్దులు కట్టి లాగమని పక్కనోళ్ళు చెప్తారు. వినకు. చక్రం తిరగలేకపోతే ముందు భాగం లేచి బండి నీ మీదే పడుతుంది. ఇంకో ట్రాక్టర్‌ను పిలిపించు, ఆలస్యమైనా సరే.

డీజిల్ పూర్తిగా అయిపోనివ్వకు. పైపుల్లో గాలి చేరితే మళ్ళీ డీజిల్ పోసినా స్టార్ట్ కాదు. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండు. ముందు నురగ వస్తుంది. బుడగలు లేకుండా డీజిల్ వచ్చినప్పుడు బిగించు. ఈ పని నీ చేత్తోనే ఒకసారి చెయ్యి.

సాగర్‌రోడ్డు:
పద్ధతిగా నేర్చుకోవాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉందక్కా. సెలవు పెట్టుకుని వెళ్ళాలి. మీకు దగ్గరంటే హయత్‌నగర్‌లో క్రిడా (CRIDA, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్ళ కృషి విజ్ఞాన కేంద్రం. ఒకసారి వెళ్ళి అడగండి.

రేకులమేస్త్రి:
కొట్టం సంగతి నేను చెప్తానమ్మా. రెండు బర్రెలకు మీరే వేసుకోవచ్చు, గుంజలు పాతే రోజు మాత్రం ఒక మనిషిని తోడు పెట్టుకోండి. ఒక్కో బర్రెకు కప్పు కింద 4 చదరపు మీటర్లు, అంటే సుమారు 43 చదరపు అడుగులు ఉండాలి. పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి, మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. మూల సరిగ్గా ఉందో లేదో తాడుతో చూసుకోవచ్చు. ఒక పక్క 6 అడుగులు, ఇంకో పక్క 8 కొలిచి గుర్తు పెట్టండి. ఐమూల 10 వస్తే మూల కుదిరినట్టే. గుంజ భూమిలోకి దిగేంత మేర తారు పూయండి, లేకపోతే చెదలు తినేస్తాయి.

నేల మాత్రం జాగ్రత్త. మేత తొట్టి నుంచి కాలువ దాకా పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఇవ్వండి. సిమెంటు నున్నగా తీయించొద్దు, తడి మీదే గీతలు గీయించండి, లేదంటే డెక్కలు జారతాయి. రేకులు తూర్పు కొస నుంచి మొదలుపెట్టండి, అప్పుడు పడమటి గాలి అంచుల కిందికి దూరదు. స్క్రూలు రేకు గుబ్బ మీదే కొట్టాలి, పల్లంలో కొడితే కారుతుంది.

ఎర్రచెలక:
అందరికీ దండాలు. నిన్న ఆదివారం చిన్నాయన బండి మీద రెండు గంటలు ఇంజన్ ఆపే కూర్చున్నాను. ఆ కొక్కెం తుప్పు పట్టి కదల్లేదు. కిరోసిన్ పోసి, తట్టి తట్టి విడిపించాను. ఆయన అరుగు మీద నుంచి చూస్తూ, తను నాలుగేళ్ళుగా అది లేకుండానే రోడ్డెక్కానని అప్పుడు చెప్పారు. షాఫ్ట్ మీద గార్డు కూడా లేదు, ఈ వారంలోనే వేయిస్తున్నాను. మేస్త్రి అన్నా, గుంజలకు జామాయిల్ కర్రలు పనికొస్తాయా, వేపవే కావాలా? మా చేను గట్టు మీద రెండు వేపచెట్లు ఉన్నాయి గానీ అవి నాన్న పెట్టినవి, కొట్టబుద్ధి కావడం లేదు.