అనీసుల్ హక్ మంచి మేయరైంది వ్యాపారి కావడం వల్లేనా?

కృష్ణాతీరం:

బంగ్లాదేశ్ రాజకీయాల్లో వ్యాపారులకు కొదవ లేదు. 1973లో ఎన్నికైన మొదటి పార్లమెంటులో ఐదో వంతుకైనా చేరని వ్యాపారుల సంఖ్య 2018 నాటి పార్లమెంటులో సగాన్ని దాటిపోయింది. ఇంతమందిలో ఢాకా వాసులు మరణానంతరం కూడా ఆదరంగా తలచుకొనే పేరు అనీసుల్ హక్‌ది. ఢాకా ఉత్తర నగరపాలక సంస్థకు ఆయన 2015 మే నుంచి, 2017 నవంబరు 30న లండన్‌లో కన్నుమూసేవరకు మేయరుగా ఉన్నారు. ఆయన మంచి మేయరైంది వ్యాపారి కావడం వల్లేనని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పాలని కోరుతున్నాను.

నోవాఖాలీ జిల్లాలో 1952లో పుట్టి, చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివిన ఆయన్ను దేశం మొదట గుర్తుపట్టింది బంగ్లాదేశ్ టెలివిజన్ వ్యాఖ్యాతగా. 1986లో మొహమ్మదీ గ్రూప్ స్థాపించి దుస్తుల ఎగుమతిలోకి దిగారు. తర్వాత దుస్తుల తయారీదారుల సంఘానికీ, దేశంలోని వాణిజ్య మండళ్ల సమాఖ్యకూ, చివరికి సార్క్ వాణిజ్య మండలికీ అధ్యక్షుడయ్యారు. అంటే వార్డు స్థాయి నుంచి పార్టీ మెట్లెక్కి వచ్చిన మనిషి కాదు. రోడ్డు ఆక్రమణల మీద బతికే స్థానిక నాయకులకు ఆయన రుణపడి లేరు.

దీనికి ఢాకాలోని తేజ్‌గావ్ ప్రాంతం ఉదాహరణ చాలు. సాత్‌రస్తా కూడలి నుంచి రైలు గేటు వరకు ఉన్న రోడ్డు ఏళ్ల తరబడి లారీల అడ్డాగా ఉండిపోయింది. 2015 నవంబరు 29న దాన్ని ఖాళీ చేయించడానికి స్వయంగా వెళ్లిన మేయరు, రాళ్లు రువ్వుతున్న గుంపు మధ్య డ్రైవర్ల సంఘం కార్యాలయంలో కొన్ని గంటలపాటు చిక్కుకుపోయారు. అయినా వెనక్కి తగ్గలేదు, రోడ్డు తెరిపించారు. పెద్ద పెద్ద హోర్డింగులు తీయించినప్పుడూ అదే పట్టుదల కనబడింది. జీతాల గొడవల నుంచి విదేశీ కొనుగోలుదారుల గడువుల దాకా రోజూ బేరసారాలతో గడిపిన మనిషికే ఈ ఓర్పూ, ఈ తెగువా వస్తాయి.

పద్దుపుస్తకం:

కృష్ణాతీరం గారూ, ఆయన తెగువను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తెగువ వెనక ఉన్న బలాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఆయన అప్పటి అధికార పార్టీ అవామీ లీగ్ మద్దతుతో నిలబడిన అభ్యర్థి. ఆయన మేయరైన మరుసటి నెలలోనే, అంటే 2015 జూన్‌లో, సొంత తమ్ముడు దేశ సైన్యాధిపతి అయ్యారు. అటువంటి మేయరును చుట్టుముట్టిన లారీ డ్రైవర్లకు తాము ఎవరితో తలపడుతున్నామో తెలియకపోదు. ఇంకో మేయరు అక్కడికి వెళ్లి ఉంటే అదే ఫలితం వచ్చేదని నాకు నమ్మకం లేదు.

ఎన్నిక సంగతి కూడా చూడండి. 2015 ఏప్రిల్ 28న గడియారం గుర్తు మీద ఆయనకు 4,60,117 ఓట్లు, ప్రతిపక్షం మద్దతుతో బస్సు గుర్తు మీద పోటీ చేసిన తబిత్ అవాల్‌కు 3,25,080 ఓట్లు వచ్చాయి. రిగ్గింగ్ జరుగుతోందంటూ ప్రతిపక్షం మధ్యాహ్నానికే పోటీ నుంచి తప్పుకొంది. ఓడిన తబిత్ కూడా పారిశ్రామికవేత్త కొడుకే, ఆయన తండ్రి కూడా ఒకప్పుడు వాణిజ్య మండళ్ల సమాఖ్యకు అధ్యక్షుడే. ఇద్దరు వ్యాపారుల మధ్య ఎంచుకోమని చెప్పి, గెలిచినవాడు మంచివాడైతే ఆ మంచితనాన్ని వ్యాపారం ఖాతాలో వేయడం సరైన పద్దు కాదు.

ఇంతకంటే గట్టి ఆధారం ఆయన తర్వాత వచ్చిన మేయరే. అతీకుల్ ఇస్లామ్ కూడా దుస్తుల ఎగుమతిదారు. ఆయన కూడా అదే దుస్తుల తయారీదారుల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో దుస్తుల కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించినప్పుడు ఆ సంఘం పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. పరిశ్రమ అదే, సంఘం అదే, పార్టీ అదే, చివరికి కూర్చున్న కుర్చీ కూడా అదే. అయినా అనీసుల్ హక్‌కు వచ్చిన పేరులో కొంతైనా ఆయనకు రాలేదు. 2020లో ఆయన్ను మళ్లీ ఎన్నుకోవడానికి ఓటర్లలో నాలుగో వంతు మంది మాత్రమే కదిలారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం కూలాక పదవి పోయింది, అక్టోబరులో అరెస్టయ్యారు. వ్యాపార అనుభవమే కారణమైతే ఈ ఇద్దరి మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది?

జీతాల గొడవల్లో నేర్చుకున్న ఓర్పు అన్నారు కనుక ఒక మాట చెప్పక తప్పదు. ఆ పరిశ్రమలో 1994లో నిర్ణయించిన నెలకు 930 టాకాల కనీస వేతనం 2006లో కార్మికులు రోడ్డెక్కేవరకు పన్నెండేళ్లపాటు మారలేదు. అప్పుడు నిర్ణయించింది 1,662 టాకాల 50 పైసలు. ఓర్పు ఎవరిదో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడపిల్లలను అడగాలి.

నాలుగురోడ్లు:

ఇద్దరూ తేజ్‌గావ్ దగ్గరే ఆగిపోయారు. అనీసుల్ హక్ మీద తీర్పు చెప్పాలంటే బస్సుల దగ్గరికి రావాలి.

మన ఆర్టీసీ డ్రైవరుకు బస్సు నిండకపోయినా నెల జీతం ఆగదు. ఢాకాలో బస్సులు లెక్కలేనంతమంది ప్రైవేటు యజమానులవి. చాలాచోట్ల డ్రైవరూ అతని సహాయకుడూ యజమానికి రోజుకింతని కట్టి, ఇంధనం ఖర్చు పోగా మిగిలింది పంచుకుంటారు. మన ఊళ్లలో కిరాయి ఆటో నడిపే మనిషి లెక్క ఇదే. అందుకే ఒకే రూటులో రెండు బస్సులు ఎదురుపడితే ముందున్నవాడు రోడ్డుకు అడ్డంగా ఆపుతాడు, వెనకున్నవాడు అతణ్ని దాటి తర్వాతి స్టాపులో జనాన్ని ఎక్కించుకోవాలని దూకుతాడు. అక్కడ ప్రమాదాలకు డ్రైవరు స్వభావం కంటే ఆ రోజువారీ లెక్కే పెద్ద కారణం.

దీన్ని అర్థం చేసుకొన్న మేయరు అనీసుల్ హక్. నగర రూట్లన్నిటినీ ఐదారు కంపెనీల కిందికి తెచ్చి, పాత యజమానులను తరిమేయకుండా వాటిలో వాటాదారులుగా చేర్చి, దాదాపు 4,000 కొత్త బస్సులు దింపాలన్నది ఆయన ఆలోచన. వాటా ఇస్తే యజమాని దిగివస్తాడని గ్రహించడం వ్యాపారి బుద్ధే. ఇంతవరకు కృష్ణాతీరం గారితో ఏకీభవిస్తాను. 2016 జూలైలో గుల్షన్‌లోని హోలీ ఆర్టిజాన్ రెస్టారెంటు మీద ఉగ్రవాదులు దాడి చేశాక, భద్రత కోసం ఆగస్టులో ఆ ప్రాంతంలో ‘ఢాకా చాకా’ ఏసీ బస్సులు మొదలయ్యాయి. కానీ అది సంపన్నులుండే పేట. నగరమంతటికీ వేసిన పథకం ఆయన అనారోగ్యంతో లండన్ వెళ్లేనాటికి కాగితం దాటలేదు.

2018 జూలై 29న విమానాశ్రయం రోడ్డులో పోటీపడిన బస్సుల కింద ఇద్దరు కళాశాల విద్యార్థులు నలిగిపోయారు. దేశమంతటా బడిపిల్లలు యూనిఫారాలతో రోడ్డెక్కి వాహనాల లైసెన్సులు తనిఖీ చేశారు. అప్పటికి ఢాకా ఉత్తరానికి ఎన్నికైన మేయరే లేరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సిన ఉప ఎన్నికను హైకోర్టు నిలిపివేయగా, అది 2019 ఫిబ్రవరి 28 దాకా జరగలేదు. రూట్ల సంస్కరణకు కమిటీ వేసి, చర్చలు సాగదీసి, ఎట్టకేలకు 2021 డిసెంబరు 26న ఘాటార్‌చర్ నుంచి కాంచ్‌పూర్‌కు ‘ఢాకా నగర్ పరిబహన్’ పేరిట మొదలైంది ఒక్క రూటు, 50 బస్సులు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ ఒక మనిషి ఫోను చేస్తేనే కదిలే పని ఆ మనిషితోనే పోయింది. ఇందులో నాకు కోపం కంటే బాధే ఎక్కువ.

కృష్ణాతీరం:

పద్దుపుస్తకం గారి అతీకుల్ ఇస్లామ్ పోలికకు నా దగ్గర సమాధానం లేదు. ‘వ్యాపారి కావడం వల్లే’ అన్న నా మాటలోని ‘వల్లే’ను వెనక్కి తీసుకుంటున్నాను. వేతనాల విషయంలోనూ మీ మాటే నిజం.

మీరు చెప్పని లోపం ఒకటి నేనే చెబుతాను. 2017లో చికున్‌గున్యా నగరాన్ని పట్టి పీడిస్తున్నప్పుడు, ఇంటింటికీ వెళ్లి దోమతెరలు కట్టలేం కదా అన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారు. జనం నొచ్చుకొన్నారు, ఆయన విచారం వ్యక్తం చేశారు. మనిషి ఎంత అలసిపోయి ఉన్నారో ఆ మాటలో నాకు కనిపిస్తుంది. అప్పట్లో ఢాకాలో వాననీరు పోయే ప్రధాన కాలువలు నీటి సరఫరా సంస్థవి, ట్రాఫిక్ పోలీసులది, బస్సు అనుమతులు రవాణా శాఖవి. మేయరు చేతిలో ఉన్నది చెత్త, వీధిదీపాలు, రోడ్ల మరమ్మతు, దోమల మందు. కాలువలు నగరపాలక సంస్థల చేతికి వచ్చింది 2020 చివర్లో, ఆయన పోయిన మూడేళ్లకు.

అందుకే నాలుగురోడ్లు గారి ముగింపుతో మాత్రం విభేదిస్తున్నాను. చట్టం ఇవ్వని అధికారాన్ని ఫోను మీదైనా సంపాదించాలని చూసిన మేయరును, పని తనతోనే పోయిందని తప్పుపట్టడం న్యాయం కాదు. తేజ్‌గావ్ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. దాని అంచున లారీలు మళ్లీ నిలవడం మొదలుపెట్టాయి. ఆయన ఉండగా వాటిని తీయించగలిగారు గానీ, ఊరి బయట వాటికి పక్కా టెర్మినల్ కట్టించడం ఆయన ఒక్కరి సంతకంతో అయ్యే పని కాదు.