మే నెలాఖరులో అమ్మ, పిల్లలతో స్విట్జర్లాండ్: పది లక్షల్లో అవుతుందా?

విజయనగరం_మేష్టారు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నేనూ మా ఆవిడా ఇద్దరం గవర్నమెంట్ టీచర్లమే. పాపకి పదమూడేళ్లు, బాబుకి తొమ్మిది, మాతో అమ్మ కూడా వస్తుంది, ఆవిడకి అరవై ఎనిమిది. బడులు తెరిచేలోపు ఓ వారం స్విట్జర్లాండ్ తీసుకెళ్లాలని ఉంది. మంచుకొండ ఒక్కసారి దగ్గర నుంచి చూడాలని అమ్మ ఎప్పటి నుంచో అంటోంది, నాన్న ఉండగా కుదరలేదు, ఇంకా వాయిదా వేస్తే ఆవిడ మోకాళ్లు సహకరించవు. వైజాగ్‌లో ఒక ఏజెంటుని అడిగితే చెప్పిన రేటు మాకు అందేలా లేదు, పైగా అందులో కొండల టికెట్లు కొన్ని "ఆప్షనల్" అట, అంటే మళ్లీ మనమే కట్టాలి. చీటీ డబ్బులూ దాచుకున్నవీ కలిపి పది లక్షలు ఉన్నాయి, అప్పు మాత్రం చెయ్యదలుచుకోలేదు. సొంతంగా ప్లాన్ చేసుకుంటే సరిపోతుందా? ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు? వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెప్పండి.

నరసన్నపేట_జ్యూరిక్:
మేష్టారూ, సరిపోతుంది, కానీ ఊళ్లు తగ్గించుకోండి. మనవాళ్లు వారంలో ఐదు ఊళ్లు తిరగాలనుకుంటారు, డబ్బు పోయేది అక్కడే, పెద్దావిడ అలిసిపోయేదీ అక్కడే. మీరు లూసర్న్‌లో ఒక్కచోటే ఉండండి, కావాలంటే చివర్లో రెండు రాత్రులు ఇంటర్‌లాకెన్ వైపు. జ్యూరిక్ ఎయిర్‌పోర్టు కిందే స్టేషన్ ఉంటుంది, అక్కణ్ణుంచి లూసర్న్‌కి రైల్లో గంట పైచిలుకు, అంతే.

ఇక్కడ ఫ్రాంకులు, యూరో కాదు. ఒక ఫ్రాంకు మన డబ్బుల్లో వంద రూపాయల పైమాటే, కాబట్టి ఏ ధర చూసినా పక్కన రెండు సున్నాలు పెట్టి, ఆ రోజు రేటుని బట్టి ఇంకొంత కలుపుకుంటే లెక్క తేలిగ్గా ఉంటుంది. రెండు హోటల్ గదులకి బదులు వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోండి. ఐదుగురికి పట్టేది రాత్రికి 200 నుంచి 300 ఫ్రాంకుల మధ్య వెతికితే దొరుకుతుంది, ఆలస్యం చేస్తే దొరకదు.

రైళ్ల సంగతి జాగ్రత్తగా చూసుకోండి, అసలు బడ్జెట్ అంతా అక్కడే ఉంది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి అమ్ముతారు. సెకండ్ క్లాసులో ఎనిమిది రోజులకి మనిషికి 400 ఫ్రాంకులు దాటుతుంది. మీ ముగ్గురు పెద్దవాళ్లకే కొనాలి, పదహారేళ్లలోపు పిల్లలు అమ్మానాన్నలతో ఉంటే ఫ్యామిలీ కార్డు ఉచితం, దాంతో వాళ్లకి టికెట్ ఉండదు. ఆ కార్డు పాస్‌తో పాటే అడిగి తీసుకోవాలి. రైళ్లు, సిటీ బస్సులు, లూసర్న్ సరస్సులో స్టీమర్లు, మ్యూజియాలు అన్నీ అందులోనే. రోజూ తిరగని వాళ్లయితే హాఫ్ ఫేర్ కార్డు చాలు, నెలరోజుల పాటు దాదాపు అన్ని టికెట్లూ సగం ధరకి వస్తాయి. మీరు వెళ్లే చోట్లు ఒక కాగితం మీద రాసుకుని, స్విస్ రైల్వే యాప్‌లో ఒక్కో టికెట్ ధర చూసి రెండు రకాలుగానూ కూడండి. గంట పని, దాంట్లో వేలు మిగులుతాయి.

ఆమదాలవలస_అక్క:
తమ్ముడూ, తిండి సంగతి నేను చెప్తాను. మామూలు హోటల్లో కూర్చుని తింటే మనిషికి 25, 30 ఫ్రాంకులు అవుతుంది, ఐదుగురికి ఒక పూటకే పదిహేను వేలు. ఇండియన్ రెస్టారెంట్లూ తక్కువేం కాదు. ఫ్లాట్‌లో పొద్దున్నే పులిహోర కలుపుకుని డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నం బాధ ఉండదు, రాత్రి వేడిగా అన్నం, పప్పు. బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలు మిగ్రోస్, కోప్ సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. ఆదివారం ఊళ్లో షాపులు చాలావరకూ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి మాత్రం తీసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి. నీళ్ల సీసాలు కొనొద్దు, కుళాయి నీళ్లు తాగొచ్చు, వీధుల్లో ఫౌంటెన్ల నీళ్లూ బాగుంటాయి, తాగకూడదని బోర్డు ఉన్నవి తప్ప.

ఆవకాయ, కందిపొడి, చింతపండు పులుసు ముద్ద, అరిసెలు పెట్టుకోండి, అన్నీ చెకిన్ సామాన్లోనే. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు వద్దు, మన దేశం నుంచి పాల పదార్థాలూ మాంసమూ అక్కడికి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు, పళ్లు కూడా అంతే. అమ్మగారు నెయ్యి లేకపోతే తినరంటే అక్కడ బటర్ కొని కాచుకోండి, నేను అలాగే చేశాను, చక్కగా వచ్చింది.

శ్రీకాకుళం_బ్యాంకు:
డబ్బు విషయం. వీసా షెంగెన్, అంటే యూరప్ దేశాలు చాలావాటికి ఉమ్మడిగా ఇచ్చేది. ఫీజు పన్నెండేళ్లు నిండినవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి 45. అంటే మీకు నాలుగు తొంభైలు, ఒక నలభై ఐదు, మొత్తం 405 యూరోలు, దాని మీద వీసా సెంటరు సర్వీసు చార్జీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లాలి, ఐదుగురి రైలు ఖర్చూ, ఒకరోజు బసా లెక్కలో రాసుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు.

స్పాన్సర్ లేకపోతే మనిషికి రోజుకి దాదాపు 100 ఫ్రాంకులు మన దగ్గర ఉన్నట్టు చూపాలి. చీటీ డబ్బు వీసాకి వారం ముందు ఒక్కసారిగా ఖాతాలో పడితే అనుమానిస్తారు, ఇప్పుడే వేసేయండి, చీటీ కాగితాలు దాచండి. మీరిద్దరూ గవర్నమెంట్ ఉద్యోగులు కాబట్టి డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదన్న పత్రానికి) ముందే పెట్టుకోండి, ఆ ఫైలు కదలడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకే తెలుసు.

మామూలు క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ ఖర్చు మీద మూడు, మూడున్నర శాతం అదనంగా పడుతుంది, దాని మీద జీఎస్‌టీ. ఫ్రాంకులు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకోండి. అక్కడ మెషీన్ "రూపాయల్లో కడతారా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల రేటు వేస్తారు. ఏజెంటు ప్యాకేజీయే తీసుకుంటే టీసీఎస్ అని ముందస్తు పన్ను వసూలు చేస్తారు, అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుకునేదే, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

విజయనగరం_మేష్టారు:
చాలా ఉపకారం చేశారు అందరూ. ఎన్‌ఓసీ అర్జీ సోమవారమే పెడుతున్నాను. ఒక్క సందేహం. అందరూ జంగ్‌ఫ్రా మంచుకొండ చూడకపోతే వెళ్లడమే దండగ అంటున్నారు. అమ్మకి బీపీ ఉంది. టికెట్ చూస్తే గుండె ఆగింది. వెళ్లాలా?

నరసన్నపేట_జ్యూరిక్:
నేనైతే వద్దంటాను. జంగ్‌ఫ్రా స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది, సీజన్‌లో రానుపోను మనిషికి 200 ఫ్రాంకుల పైనే, ట్రావెల్ పాస్ ఉన్నా పైభాగానికి తగ్గింపు పాతిక శాతమే. అమ్మగారు మంచు ముట్టుకోవాలంటే టిట్లిస్‌కి వెళ్లండి. లూసర్న్ నుంచి ఎంగెల్‌బర్గ్ రైలు ముప్పావు గంట, పైకి కేబుల్ కారు, పాస్ ఉంటే సగం ధర, వేసవిలోనూ పైన మంచు ఉంటుంది. అదీ మూడు వేల మీటర్లు దాటుతుంది, కాబట్టి ముందు డాక్టరుని అడగండి, పైన పరుగులు వద్దు, ఆయాసం అనిపిస్తే వెంటనే కిందికి దిగిపోవాలి.

డాక్టరు వద్దంటే రిగి కొండ ఉంది, 1,800 మీటర్ల లోపే. లూసర్న్ నుంచి స్టీమర్లో విట్జ్‌నావ్, అక్కడ పళ్లచక్రాల రైలు నేరుగా పైదాకా వెళ్తుంది, 1871 నుంచి నడుస్తున్న లైను అది, నడక చాలా తక్కువ. ఇదంతా పాస్‌లోనే, పైసా కట్టక్కర్లేదు. మే చివరికి రిగి మీద మంచు ఉంటుందని నమ్మకం లేదు గానీ చుట్టూ ఆల్ప్స్ తెల్లగా కనిపిస్తాయి. మబ్బుంటే ఏమీ కనబడదు, అందుకని కొండ టికెట్ ముందుగా కొనకండి, పొద్దున్నే కొండ మీది వెబ్‌క్యామ్ చూసి బయల్దేరండి.

శ్రీకాకుళం_బ్యాంకు:
అమ్మగారికి బీపీ అన్నారు కాబట్టి ఇంకొకటి. వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. చవకది చూసి కొనేయకండి, ముందునుంచి ఉన్న జబ్బులకి ఎంతవరకూ ఇస్తారో పాలసీలో చదివి, బీపీ సంగతి దాచకుండా రాసి తీసుకోండి. అక్కడ ఆసుపత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు. మందులు ట్రిప్పుకి సరిపడా, డాక్టరు రాసిన చీటీతో సహా హ్యాండ్ బ్యాగులో ఉంచండి.