అద్దకం నీళ్లలో రంగును శిలీంధ్రాలు తీసేస్తాయా? నమ్మి ఖర్చు పెట్టొచ్చా?

నూలు అద్దకం: మాది చేనేత నూలుకు రంగులద్దే చిన్న షెడ్డు. రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయనికంగా అతుక్కునే రకం) ఎంత జాగ్రత్తగా వేసినా కొంత నూలుకు పట్టదు, నీళ్లలోనే ఉండిపోతుంది. సున్నం, పటిక వేస్తే రంగు తగ్గుతుంది కానీ తొట్టె అడుగున బురద పేరుకుంటుంది. దాన్ని ఎక్కడ పోయాలన్నదే రోజూ టెన్షన్. పుట్టగొడుగుల జాతి శిలీంధ్రాలతో రంగు పోతుందంటున్నారు. నిజమేనా?

ల్యాబ్ మిత్రుడు: నిజమే. చెట్ల మానులను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాలు కొయ్యకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టడానికి లకేస్, పెరాక్సిడేజ్ ఎంజైములు వదులుతాయి. వాటికి ఫలానా అణువే కావాలన్న పట్టింపు లేదు, రంగులనూ విరగ్గొడతాయి. 1983లోనే ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనే అలాంటి శిలీంధ్రంతో ఇది చూపించారు. నేను ఆయిస్టర్ పుట్టగొడుగుల కోత అయిపోయిన వరిగడ్డిని పిడికెడు తీసి నీలం నీళ్ల సీసాలో వేశాను. ముందు గడ్డే నీలంగా మారింది. వారం తిరిగేసరికి నీళ్లతో పాటు గడ్డి కూడా తేటపడింది. అంటే రంగును పీల్చుకుని ఊరుకోలేదు, విరగ్గొట్టింది.

ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) ఆపరేటర్: సీసా వేరు, తొట్టె వేరండీ. సోడా కలిసిన అద్దకం నీళ్లు పీహెచ్ 10 దాటి, అంటే బాగా క్షారంగా వస్తాయి. ఈ శిలీంధ్రాలకు 4, 5 దగ్గర పులుపు కావాలి. శుభ్రం చేయని నీళ్లలో బాక్టీరియా వాటిని బతకనివ్వదు. అసలు చిక్కు ఉప్పు. రంగు తొట్టెలో లీటరుకు 50 గ్రాములకు పైనే వేస్తాం కదా? అది శిలీంధ్రంతో పోదు. తమిళనాడులో బట్టల అద్దకానికి పేరున్న తిరుప్పూరు చూడండి. నొయ్యల్ నది మీది ఒరత్తుపాళయం ఆనకట్టలో చేరిన నీళ్లు ఉప్పు వల్లే పొలాలకు పనికిరాకుండా పోయాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. నీళ్లు తేటగా కనిపిస్తే చాలనుకోవద్దు.

ల్యాబ్ మిత్రుడు: ఉప్పు విషయం ఒప్పుకుంటాను. కానీ రంగునూ తేలిగ్గా తీసుకోకండి. గాలి తగలని ట్యాంకుల్లో బాక్టీరియా అజో రంగులను (అద్దకంలో ఎక్కువగా వాడే ఒక రకం) విరగ్గొడితే ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. శిలీంధ్రాల దారి ఆక్సీకరణ కాబట్టి ఆ ముప్పు తక్కువ. ఉప్పు ఎక్కువగా ఉండేది మొదటి తొట్టె నీళ్లలో. చివరి కడుగు నీళ్లను వేరుగా పట్టి, పీహెచ్ దించి, గడ్డి మీదుగా నిదానంగా పారించి చూడండి.

నూలు అద్దకం: మా షెడ్డు వెనక బావి నీళ్లు ఇప్పటికే ఉప్పగా ఉన్నాయి, అందుకే ఆపరేటర్ గారి మాట గట్టిగా తగిలింది. కడుగు నీళ్లకు రేపే రెండు డ్రమ్ములు పెడతాను. ఊళ్లో పుట్టగొడుగులు పెంచేవాళ్లను గడ్డి అడుగుతాను. మొదటి తొట్టె నీళ్ల ఉప్పుకు మా అంత చిన్నవాళ్లు ఉప్పును వడకట్టే ఆర్వో యంత్రం పెట్టుకోలేరు. నలుగురం కలిసి పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఖర్చు ఎంతయిందో చెప్పండి.