చేపల ట్యాంకులో పెంచే క్రిస్మస్ మాస్ అనే నీటి మొక్క లోపలి నుంచి గోధుమ రంగులోకి మారుతోంది, కారణం వేడా, నీళ్ళా?

మాది హైదరాబాద్, 60 లీటర్ల మంచినీటి ట్యాంకు, అందులో గప్పీ చేపలు, కొన్ని చిట్టి రొయ్యలైన చెర్రీ ష్రిమ్ప్‌లు, స్పాంజ్ ఫిల్టర్. మొక్కల కోసం సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ పెట్టలేదు. చెక్కకి కాటన్ దారంతో కట్టిన క్రిస్మస్ మాస్ చలికాలం అంతా బాగా పెరిగింది, కొత్త కొసలు లేతాకుపచ్చగా వచ్చేవి. ఏప్రిల్ మొదలయ్యాక లోపలి పొరలు గోధుమ రంగుకి మారి ముట్టుకుంటే రాలిపోతున్నాయి, పైన మాత్రం అక్కడక్కడ పచ్చగా ఉంది. పక్కనే ఉన్న జావా మాస్‌కి ఏమీ కాలేదు, నాకు అర్థం కానిది అదే.

మధ్యాహ్నం నీటి వేడి 31 డిగ్రీలు, రాత్రి 29. బోరు నీళ్ళే పోస్తాను, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) 620, పీహెచ్ 7.8. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం.

లైటు 8 గంటల నుంచి 6 గంటలకి తగ్గించాను, దాంతో నాచు పోగుల్లా అల్లుకోవడం తగ్గింది కానీ మాస్ కోలుకోలేదు. గోధుమ రంగు భాగాలు కత్తిరించి, గుబురు పలచన చేసి, ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్ళు దాని మీదుగా పారేలా జరిపాను, వారానికి 30 శాతం నీళ్ళు మారుస్తున్నాను, ద్రవ ఎరువు సగం మోతాదులో వేసి చూశాను. ఫ్యాన్ పెడితే 2 డిగ్రీలు తగ్గుతుంది కానీ నీళ్ళు ఆవిరై టీడీఎస్ ఇంకా పెరుగుతోంది. ష్రిమ్ప్‌లు ఉన్నాయి కాబట్టి ఘాటైన మందులేవీ వేయదలచుకోలేదు, అవి పోతే తట్టుకోలేను.

మన ఎండల్లో చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) లేకుండా క్రిస్మస్ మాస్ పెంచినవాళ్ళు చెప్పండి, ముందు ఆర్ఓ నీళ్ళు కలిపి టీడీఎస్ దించాలా, లేక ఫ్యాన్‌తో వేడి తగ్గించడం మీదే దృష్టి పెట్టాలా?