అప్‌డేట్: పాత అవుట్‌బోర్డ్ మోటార్ స్టార్ట్ అయింది, దొంగ దొరికింది

కాకినాడ ఉప్పుటేరులో తిప్పే మా పడవ వెనక బిగించిన అవుట్‌బోర్డ్ మోటారు తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోందని, స్టార్టర్ (ఇంజనును మొదట తిప్పే చిన్న మోటారు) తిరగడం లేదని మొన్న అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడమన్నారు, ఉంది. ఫ్యూజు బాగానే ఉంది.

తొందరపడి కొత్త సోలనాయిడ్ (తాళం తిప్పగానే స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్చు, ఆ టక్కు దానిదే) కొన్నాను. మళ్లీ అదే టక్కు! డబ్బు ఉప్పుటేరు పాలు.

ఇక మీటరు పట్టుకుని కూర్చున్నాను. బ్యాటరీ 12.6 వోల్టులు. మా తమ్ముడు తాళం తిప్పి పట్టుకున్నా 12.3 కంటే దిగలేదు. స్టార్టర్ నిజంగా కరెంటు లాగితే వోల్టేజీ అంత నిక్కచ్చిగా నిలవదు కదా, అక్కడే అనుమానం వచ్చింది. అప్పుడు ఒకాయన చెప్పినట్టు, తాళం తిప్పి ఉంచి బ్యాటరీ నెగటివ్ పోల్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య కొలిచాను. అర వోల్టు లోపు ఉండాల్సింది 8 వోల్టులు చూపించింది. అంటే ఆ రెండిటినీ కలిపే నెగటివ్ కేబుల్ దారిలోనే వోల్టేజీ పోతోందన్నమాట. సోలనాయిడ్‌కు కొద్దిపాటి కరెంటు చాలు కాబట్టి అది మోగుతోంది, స్టార్టర్‌కు మాత్రం అందడం లేదు.

ఆ నెగటివ్ కేబుల్ పైకి కొత్త పెళ్లికొడుకులా ఉంది. తొడుగు కోస్తే లోపల రాగి తీగలు పచ్చటి పొడి. ఉప్పునీటి మహిమ. తగరం పూత ఉన్న రాగి కేబుల్ అంతే మందంలో వేయించి, బ్లాకు మీద బోల్టు చోటు గీకి శుభ్రం చేశాను. ఇప్పుడు తిప్పగానే అందుకుంటోంది. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10.8కి దిగుతోంది, అది మామూలే.

పాత సోలనాయిడ్ పెట్టెలో పెట్టుకున్నాను. పాజిటివ్ కేబుల్ కూడా వచ్చే వారం మారుస్తాను.