మొదటిసారి ఆర్టిఫిషియల్ క్రిస్మస్ ట్రీ కొంటున్నాం, 5 అడుగులా 6 అడుగులా? ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది

చీరాల కోడలు:

అందరికీ వందనాలండి. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు, ఇన్నాళ్ళూ డిసెంబర్ 22 రాగానే బ్యాగులు సర్దుకుని చీరాల వెళ్ళిపోయేవాళ్ళం కాబట్టి ఇక్కడ హైదరాబాద్ ఇంట్లో చెట్టు పెట్టే పనే పడలేదు. ఈసారి మావారికి 26 పొద్దున్నే డ్యూటీ ఉంది, అందుకని అత్తయ్యగారు మామయ్యగారు వాళ్ళే మా దగ్గరికి వస్తున్నారు. మొదటిసారి పండగ మా ఇంట్లో చేస్తున్నాం, బాగా చెయ్యాలని చాలా ఆశగా ఉంది.

అక్కడైతే మామయ్యగారు ప్రతి ఏడాదీ సరుగుడు కొమ్మ కొట్టించి తెస్తారు (మావైపు సరివి అంటాం), పాత పెయింట్ డబ్బాలో ఇసుకా ఇటుక ముక్కలూ వేసి నిలబెట్టి డబ్బాకి గ్లేజ్ పేపర్ చుట్టి కొమ్మల మీద దూది పెడతారు. ఆ పచ్చి కొమ్మ వాసన ఇల్లంతా వస్తేనే నాకు పండగ వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో అది కుదరదు కదా, అందుకే ఆర్టిఫిషియల్ ట్రీ కొందామనుకున్నాం. మూడు రోజుల నుంచి ఆన్‌లైన్‌లో చూస్తున్నా, ఫొటోలో ఒత్తుగా గుబురుగా ఉంటుంది, కింద కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు చూస్తే మధ్యలో కర్ర కనపడుతూ బోసిగా ఉంటుంది, ఒకటే చెట్టేనా అనిపిస్తోంది.

బడ్జెట్ లైట్లతో కలిపి 4000. హాల్ చిన్నదే, సోఫా పక్కన మూల ఖాళీ ఉంది. ఎంత ఎత్తు తీసుకోవాలి? పీవీసీ, పీఈ అని రాస్తున్నారు, అదేంటి? పాప దేన్నైనా పట్టుకుని లాగుతుంది, చెట్టు మీద పడుతుందేమోనని భయం. మా ఆడపడుచు డల్లాస్ నుంచి 15న వస్తోంది, లైట్లు అక్కడి నుంచి తెస్తానంటోంది, తెమ్మననా? ఇంకో విషయం, అత్తయ్యగారు ఫోన్‌లో "ప్లాస్టిక్ చెట్టు చెట్టేనా అమ్మా" అన్నారు, ఆవిడకి ఏం చెప్పాలో కూడా తెలియట్లేదు.

గుంటూరు క్వయర్:

వందనాలు సిస్టర్. మా చర్చిలో యూత్ తరఫున 11 ఏళ్ళుగా చెట్టు మేమే కడుతున్నాం, ఇంట్లోది కూడా నేనే, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త పెద్దదవుతుంది ఓపిగ్గా చదవండి.

ముందు పీవీసీ, పీఈ సంగతి. పీవీసీ అంటే పలచటి ప్లాస్టిక్ షీట్‌ని సన్నగా పోగుల్లా కోసి రెండు తీగల మధ్య పెట్టి మెలితిప్పుతారు, సీసాలు కడిగే బ్రష్ ఎలా ఉంటుందో అలాగన్నమాట. పీఈ అంటే అచ్చులో పోసి నిజం కొమ్మలా చేస్తారు, దగ్గరికెళ్ళి చూసినా చెట్టులాగే ఉంటుంది కానీ రేటు బాగా ఎక్కువ, మీ బడ్జెట్‌లో మంచిది రాదు. పీవీసీయే తీసుకోండి, తప్పేం లేదు, లైట్లు వేశాక నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ తేడా కనిపెట్టలేరు.

మీరు చూడాల్సింది ఎత్తు కాదు, టిప్స్. అంటే కొమ్మ చివర్లు ఎన్ని ఉన్నాయి అనేది, వివరాల్లో కింద ఎక్కడో రాస్తారు. 6 అడుగుల చెట్టుకి 300 టిప్స్ అంటే మీరు ఫొటోల్లో చూసిన ఆ కర్ర కనపడే చెట్టే అది. అదే 300 నాలుగడుగుల చెట్టుకి ఉంటే ముద్దుగా నిండుగా ఉంటుంది. అందుకే నా మాట, అదే డబ్బుకి 6 అడుగుల బోసి చెట్టు కంటే 5 అడుగుల ఒత్తు చెట్టు కొనండి, 450 దాటి టిప్స్ ఉన్నది దొరికితే ఇంక ఆలోచించకండి. ఎత్తు తక్కువైందనిపిస్తే కింద పీట వేసి పైన మంచి గుడ్డ కప్పితే సరిపోతుంది. పైన స్టార్‌కి ఇంకో ముప్పావు అడుగు పోతుందని కూడా లెక్కేసుకోండి, ఫ్యాన్ రెక్కలు ఎక్కడిదాకా వస్తాయో కూడా చూసుకోండి. చెట్టు కింది భాగం వెడల్పు కూడా కొలవండి, 5 అడుగుల చెట్టు కింద దాదాపు రెండున్నర మూడు అడుగులు పరుచుకుంటుంది, మూలలో పట్టకపోతే సోఫా జరపాల్సి వస్తుంది.

స్టాండ్ ఇనుపదే తీసుకోండి. మూడు కాళ్ళ ప్లాస్టిక్ స్టాండ్ రెండో ఏటికి పగిలిపోతుంది, మాకు అలాగే అయ్యింది, 24 రాత్రి ఆరాధనకి అరగంట ముందు చెట్టు పక్కకి ఒరిగిపోయింది. కొమ్మలు రెండు రకాలు, ఒకటి కర్రకే బిగించి గొడుగులా తెరుచుకునేవి, రెండోది ఒక్కో కొమ్మా విడిగా తగిలించుకునేవి. మొదటిదే మంచిది.

ఇప్పుడు అసలు పని. పెట్టె విప్పగానే చెట్టు నలిగి చీపురు కట్టలా ఉంటుంది, అది చూసి మోసపోయాం అనుకుని వెనక్కి పంపేవాళ్ళు చాలామంది. కంగారు పడొద్దు. కింద వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో కొమ్మ పట్టుకుని మొదలు దగ్గరున్న చిన్న రెమ్మల్ని పైకీ, చివరివాటిని ఒకటి కుడికి ఒకటి ఎడమకి ఒకటి ముందుకి విడదీసుకుంటూ రావాలి. 5 అడుగుల చెట్టుకి కనీసం గంట పడుతుంది, చేతులు గీసుకుపోతాయి కాబట్టి ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి. చెట్టు నిండుగా కనపడటం సగం ఈ గంటలోనే ఉంది, మిగతా సగం లైట్లలో.

లైట్లు ముందు, బాల్స్ తర్వాత, ఇది ఎప్పుడూ మారదు. అందరూ సీరియల్ సెట్‌ని పై పైన దండలా చుట్టేస్తారు, అలా కాకుండా కొమ్మ మొదలు దాకా లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ చివరకి తీసుకురండి. లోపల వెలుగు ఉంటే కర్ర కనపడదు, చెట్టుకి లోతు వస్తుంది. 5 అడుగులకి 100 బల్బుల సెట్లు మూడు చాలు, ఎల్ఈడీ, పసుపు వెలుగుది తీసుకోండి, రంగురంగులవి మిణుకు మిణుకుమంటుంటే పాపకీ పెద్దవాళ్ళకీ కళ్ళు లాగుతాయి. చెట్టుకి తగిలించకముందే మూడు సెట్లూ నేల మీద పరిచి అరగంట వెలిగించి చూడండి. తర్వాత పెద్ద బాల్స్ లోపలికి, చిన్నవి చివర్లకి. ఆఖరికి ఆ తళుకు దండ, అది కూడా కొంచెమే.

అత్తయ్యగారి మాటకి ఒకటి చెప్పండి. ఆర్టిఫిషియల్ చెట్టు ఈమధ్య వచ్చింది కాదు, జర్మనీలో 19వ శతాబ్దంలోనే అడవులు తరిగిపోతున్నాయని పెద్ద బాతుల ఈకలకి ఆకుపచ్చ రంగు అద్ది తీగలకి చుట్టి చెట్లు చేసుకున్నారు. క్రిస్మస్ చెట్టు ఆనవాయితీ పెరిగిన దేశమే చేసుకుంది. ఇంకోటి, మామయ్యగారు వచ్చేటప్పుడు సంచిలో ఒక పదీ పదిహేను సరుగుడు రెమ్మలు, జానెడు పొడుగువి, తడిగుడ్డ చుట్టి తెమ్మనండి. చెట్టులో సందులు ఎక్కడున్నాయో అక్కడ గుచ్చెయ్యండి. వాసనా వస్తుంది, బోసితనమూ పోతుంది. 23న గానీ 24న గానీ పెట్టండి, ముందే పెడితే ఎండి రాలిపోతుంది.

కడియం నర్సరీ:

ఏవండీ మరి బతికున్న చెట్టు పెట్టుకోవచ్చు కదండీ. మా కడియం నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అడిగితే అరకేరియా మొక్క ఇస్తారండి, దాని అసలు ఊరు పసిఫిక్ సముద్రంలో నార్ఫోక్ దీవి, అందుకే మన వేడికీ తేమకీ తట్టుకుంటుంది, చల్లటి దేశాల చెట్టయితే ఇక్కడ బతకదండి. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలొస్తాయి, చూట్టానికి ఎంతో బాగుంటుంది. కుండీలో ఏళ్ళ తరబడి ఉంటుంది, హైదరాబాద్‌లో నర్సరీలకి కూడా మా వైపు నుంచే లారీలు వెళ్తాయండి.

రెండు జాగ్రత్తలు చెప్తాను. దాని కొమ్మలు మెత్తన, బరువు తగిలిస్తే వంగిపోయి మళ్ళీ లేవవు, కాగితం స్టార్లూ సన్నటి లైట్లూ తప్ప పెట్టకూడదండి. పైన మొవ్వ మాత్రం విరగ్గొట్టకండి, అది పోతే చెట్టు ఆకారమే పోతుంది. పండగ పది రోజులు హాల్లో ఉంచి మిగతా కాలం బాల్కనీలో వెలుతురు తగిలేచోట పెట్టండి. ఈ ఏటికి రెండడుగుల మొక్కే తెచ్చుకున్నా పాపతో పాటు పెరుగుతుందండి.

గుంటూరు క్వయర్:

కడియం అన్నగారు చెప్పింది మంచి మాటే, మా అక్క వాళ్ళింట్లో ఉంది. కానీ రెండేళ్ళ పాప కుండీ మట్టి వదలదు, వాళ్ళ బాల్కనీకి ఎండ ఎంత వస్తుందో కూడా చూసుకోవాలి. రెండూ ఉంటే మరీ మంచిది.

ప్లానో తెలుగు:

లైట్ల గురించి చెప్దామని వచ్చాను, మీ ఆడపడుచుగారికి ఇవాళే ఫోన్ చెయ్యండి. అమెరికాలో కరెంట్ 120 వోల్టులు, మనకి 230. ఇక్కడ అమెరికా షాపుల్లో దొరికే సెట్లు చాలావరకు నేరుగా 120 మీద నడిచేవి, ఇండియాలో పిన్ మార్చే చిన్న అడాప్టర్ పెట్టి గుచ్చితే అది వోల్టేజ్ తగ్గించదు, పిన్ ఆకారం మాత్రమే మారుస్తుంది. 2019లో నేను మా అమ్మకి తీసుకెళ్ళిన సెట్ స్విచ్ వెయ్యగానే టప్‌మని పోయింది, కాలిన వాసన, అమ్మ చాలా భయపడింది, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. లైట్లు ముందే బిగించి వచ్చే చెట్లు కూడా అంతే. యూఎస్‌బీతో నడిచేవి, లేదా ప్లగ్ మీద 100-240 అని అచ్చు వేసి ఉన్నవి అయితే నిర్భయంగా తెమ్మనండి. లేదంటే లైట్లు మీరు హైదరాబాద్‌లోనే కొనుక్కుని ఆవిడని చెట్టుకి తగిలించే ఆర్నమెంట్స్ తెమ్మనండి, బరువూ ఉండదు. గాజువి వద్దని చెప్పండి, పాప ఉంది కదా.

మెదక్ బిడ్డ:

అక్కా పాప గురించి నేను జెప్తా, మా ఇంట్ల ఇద్దరు పిల్లలు, ఒకడికి మూడేండ్లు ఒకడికి ఏడాదిన్నర. చెట్టు నడిమి కర్రకు చేపలు పట్టే నైలాన్ దారం గట్టి వెనుక కిటికీ గ్రిల్‌కు బిగించిన, కండ్లకు అగుపడది, పిల్లగాడు గుంజినా చెట్టు రాదు. స్టాండ్ కాళ్ళ మీద రెండు ఇసుక సంచులు పెట్టి ఎర్రగుడ్డ కప్పిన. వైర్లు, ప్లగ్గు చెట్టు వెనుకకే ఉండాలె, ముందటికి రానీయొద్దు. కింది రెండు అడుగుల దాంక బాల్స్ ఏం పెట్టలే, గుడ్డతోటి కుట్టిన చిన్న గంటలు, కాగితం దేవదూతలు పెట్టినం, వాళ్ళు తీస్తరు మళ్ళ పెడ్తరు, గదే వాళ్ళకు ఆట. మీ మామయ్య లెక్క దూది పెడ్తే లైట్లకు తాకకుండ చూసుకోండ్రి, పాత వేడి బల్బులు ఉంటెనైతే అస్సలే వద్దు.

మేము చెట్టు ఒక్కటే గాదు, పక్కకు పశువుల పాక గూడ కడ్తం. గోనెసంచి, వరిగడ్డి, మట్టి బొమ్మలు. బాలయేసు బొమ్మను మాత్రం 24 అర్ధరాత్రి దాంక పెట్టం, మా నాయినమ్మ నేర్పింది గట్లనే. తెల్లారకముందే మెదక్ చర్చికి పోతం, 1924 క్రిస్మస్ నాడు తెరిచిన గుడి అది, 2024ల నూరేండ్లు నిండినయి, మా తాత వాళ్ళ నాయిన ఆ కట్టుబడిల రాళ్ళు మోసిండంట. వచ్చినంక మొదలు చెట్టు లైట్లు వేసి పిల్లలను లేపుతం. మీ పాపతోని ఒక్క బొమ్మ చేపియ్యండ్రి, దాని చెయ్యి రంగుల ముంచి అట్ట మీద అద్ది ఏడాది రాసి తగిలియ్యండ్రి. మా చెట్టు మీద గట్లాంటివి మూడున్నయి, కొన్న బాల్స్ కంటె అవే అందరు చూస్తరు.

చీరాల కోడలు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అప్‌డేట్ ఇస్తున్నాను. ఆన్‌లైన్ మానేసి మావారూ నేనూ సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్ళాం, అక్కడ చెట్టు విప్పి చూపించమంటే ఒక షాపాయన విప్పి చూపించారు. 5 అడుగులది, 500 టిప్స్, ఇనుప స్టాండ్, బేరమాడితే 2600కి ఇచ్చారు. లైట్లు మూడు సెట్లు అక్కడే. కొమ్మలు విడదీయడానికి గంటన్నర పట్టింది, మొదట పదినిమిషాలు చూసి నాకు ఏడుపొచ్చింది, సగం అయ్యేసరికి మావారు "ఇది మన చెట్టేనా" అన్నారు. ఆడపడుచుకి వోల్టేజ్ సంగతి చెప్పాం, తను కొన్న లైట్ల డబ్బా మీద చూస్తే 120 అనే ఉందట, వాపస్ ఇచ్చేసి చెక్క బొమ్మలు తెచ్చింది.

నిన్న మామయ్యగారు వాళ్ళు రైలు దిగారు. చేతిలో అరిసెల డబ్బా, భుజాన గోనెసంచిలో సరుగుడు రెమ్మలు, నేను పదిహేను అంటే ఆయన ముప్పై దాకా తెచ్చారు. ఆయనే కూర్చుని ఒక్కోటీ గుచ్చారు. అత్తయ్యగారు చాలాసేపు సోఫాలో కూర్చుని చూస్తూ ఉన్నారు, ఏం అనలేదు, తర్వాత లేచి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక చిన్న రేకు స్టార్ తీశారు, మావారు మూడో క్లాసులో స్కూల్లో చేసిందట, ఇన్నేళ్ళు బీరువాలో దాచారట. పాప చెయ్యి అద్దిన అట్ట పక్కనే అది కట్టారు. ఇప్పుడు హాల్లోకి రాగానే చీరాల వాసన వస్తోంది. ఈ రాత్రి క్యారల్స్ వాళ్ళు మా అపార్ట్‌మెంట్‌కి వస్తున్నారు.

ఒక్క డౌట్ ఉంది. ఎప్పుడు తియ్యాలి, ఎలా దాచాలి? మాకు బాత్రూమ్ పైన అటక తప్ప చోటు లేదు.

గుంటూరు క్వయర్:

చాలా సంతోషం సిస్టర్, ఆ స్టార్ సంగతి చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

తియ్యడం ఎవరి ఇంటి పద్ధతి వాళ్ళది, క్యాథలిక్స్ అయితే జనవరి 6 ముగ్గురు జ్ఞానుల పండగ దాకా ఉంచుతారు, మేము న్యూ ఇయర్ ఆరాధన అయ్యాక మొదటి ఆదివారం తీస్తాం. సరుగుడు రెమ్మలు మాత్రం రెండు మూడు రోజులకోసారి ముట్టుకుని చూడండి, పెళుసుగా విరిగితే అప్పుడే తీసెయ్యండి, ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు లైట్లు ఆపెయ్యండి.

దాచేటప్పుడు కొమ్మల్ని పైకి మూసి పాత కాటన్ చీరతో చుట్టి నాడాతో కట్టండి, వచ్చిన అట్టపెట్టెలో మళ్ళీ పట్టించాలని చూస్తే నలిగిపోతుంది, పైగా అట్ట తేమ పీల్చుకుంటుంది. బాత్రూమ్ పైన అటకంటే తేమ ఉంటుంది కాబట్టి చీర మీద పెద్ద ప్లాస్టిక్ కవర్ వేసి, కొత్త చెప్పుల డబ్బాల్లో వస్తాయి చూడండి ఆ సిలికా ప్యాకెట్లు నాలుగైదు లోపల పడెయ్యండి. లైట్లని చెట్టు మీదే వదిలెయ్యకండి, ఒక్కో సెట్‌నీ అట్టముక్కకి విడిగా చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి, ఎలుకలు ముందు వైర్లనే కొరుకుతాయి. రేకు స్టార్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి మళ్ళీ అత్తయ్యగారి చేతికే ఇచ్చెయ్యండి.